పీఠం మీద ఒకరు, గడప బయట ఒకరు



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినవారు, విషయం మీరే ఎంచుకోండి అన్నారు. మాస్టారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మనిషి. తరగతిలో ఛందస్సు ఎంత శ్రద్ధగా చెప్పేవారో, బడి విడిచాక పిల్లల గోడు అంత శ్రద్ధగా వినేవారు. "నేనెందుకూ పనికిరానండి" అని ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. "ఎవరన్నారు?" అని అడిగేవారు. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. పిల్లవాడు తడుముకునేవాడు. నాన్న అన్నాడనో, లెక్కల సారు అన్నారనో, పక్కింటివాళ్లు అనుకుంటున్నారనో మెల్లిగా బయటపడేది. వాడు తన కళ్లతో తనను చూసుకుని తేల్చిన మాట మాత్రం కాదని తేలేది. ఈ రోజు నేను మాట్లాడబోయేది మాస్టారి ఆ ప్రశ్న గురించే.

తనను తాను తెలుసుకోవడం అనగానే మనకు కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి గుర్తుకొస్తాడు. ఆ దారి గొప్పదే. దాన్ని చెప్పదగ్గవాళ్లు వేరే ఉన్నారు. కళ్లు తెరుచుకుని, పదిమంది మధ్య నిలబడి, తమ గురించి లోకం చెప్పిన మాటను పరీక్షించి చూసిన ఇద్దరి గురించి నేను చెబుతాను.

1895లో తెలుగునేల మీద ఇద్దరు పిల్లలు పుట్టారు. మే నెలలో మదనపల్లెలో ఒకరు, సెప్టెంబరు 28న వినుకొండలో ఒకరు. మదనపల్లె పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తి. వినుకొండ పిల్లవాడు గుర్రం జాషువా. వీళ్లిద్దర్నీ ఒకచోట నిలబెట్టి చూసే అలవాటు మనకు లేదు. ఒకరిని తత్వవేత్తల వరసలో, ఒకరిని కవుల వరసలో పెట్టేశాం. కానీ ఇద్దరికీ చిన్నప్పుడే లోకం ఒక పేరు తగిలించింది. ఒకరిని పీఠం మీద కూర్చోబెట్టింది. ఒకరిని గడప బయట నిలబెట్టింది. ఇద్దరూ ఆ పేరు దగ్గర ఆగిపోలేదు.

ముందు కృష్ణమూర్తి సంగతి. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. 1905లో, పిల్లవాడికి పదేళ్లప్పుడు, తల్లి సంజీవమ్మ చనిపోయింది. పిల్లవాడు మలేరియాతో నలిగిపోయినవాడు. బడిలో పాఠం తలకెక్కేది కాదు. మేష్టర్లు మొద్దబ్బాయి అన్నారు, బెత్తంతో కొట్టారు. ఒక్కోసారి గది బయటికి పంపి మరిచిపోతే సాయంత్రం దాకా అక్కడే నిలబడేవాడట. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానంద వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడట.

ఆ మొద్దబ్బాయి ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తండ్రి గడియారాన్ని ఊడదీశాడు. దాన్ని మళ్లీ బిగించేదాకా బడికీ పోనన్నాడు, అన్నమూ తిననన్నాడు. చివరికి బిగించాడు, గడియారం నడిచింది. ఈ చిన్న సంఘటనను ఆయన జీవితచరిత్రల్లో చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. ఆ పిల్లవాడు ఎవరో చెప్పే ఆధారం ఆ రోజు ఆ ఇంట్లో నేల మీద పరిచి ఉంది. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తానే విప్పి చూడాలి, చూసేదాకా లేవకూడదు. ఆ పట్టుదలకు వేసే మార్కు బడిలో లేదు.

1909 జనవరిలో నారాయణయ్య కొడుకుల్ని తీసుకుని మద్రాసు అడయారుకు చేరాడు. ఆ ఏడాదే సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల్లో దివ్యజ్ఞాన సమాజ నాయకుడు లెడ్‌బీటర్ ఈ పిల్లవాణ్ణి చూశాడు. రాబోయే జగద్గురువుకు ఈ దేహమే ఆధారం అవుతుందని ప్రకటించాడు. నిన్నటిదాకా మొద్దబ్బాయి, ఇవాళ్టి నుంచి అవతారపురుషుడు. 1911లో అనీబిసెంట్ నాయకత్వంలో ఆయన కోసమే ఒక సంఘం పెట్టారు. దేశదేశాల్లో వేలమంది, పదుల వేలమంది సభ్యులు చేరారు. పిల్లల్ని తిరిగి ఇప్పించమని తండ్రి కోర్టుకెక్కాడు. మద్రాసులో గెలిచాడు, 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. ఇంగ్లండులో చదువు, దొరల మర్యాదలు, దొరల దుస్తులు అన్నీ నేర్పారు. మెట్రిక్యులేషన్ మాత్రం ఎన్నిసార్లు కూర్చున్నా పాస్ కాలేదు. తెలుగు మరిచిపోయాడు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. తిట్టు మనిషిని కుంగదీస్తుందని అందరికీ తెలుసు. పొగడ్త కూడా మనిషికి తన ముఖం కనపడనివ్వదు. తిట్టు తిన్నవాడికి నొప్పి ఉంటుంది కాబట్టి, కనీసం ఆ మాట బయటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. పొగడ్త తియ్యగా ఉంటుంది కాబట్టి అది తన లోపలి నుంచే వచ్చిందనిపిస్తుంది. మన ఇళ్లలో ఒకటో ర్యాంకు పిల్లల్ని గమనించండి. వాళ్లకు తమ గురించి తెలిసింది చివరి ర్యాంకు పిల్లలకంటే ఎక్కువేమీ కాదు. ర్యాంకు పోయిన రోజున వాళ్లు పడే గాభరా ఎక్కువే ఉంటుంది.

కృష్ణమూర్తి కథలో మలుపు 1925లో వచ్చింది. తమ్ముడు నిత్యకు క్షయ. అతన్ని కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉంచి, అడయారు ఉత్సవాల కోసం కృష్ణమూర్తి ఓడెక్కాడు. నిత్య బతుకుతాడని ఆయన గట్టిగా నమ్మాడు. తన కార్యానికి నిత్య అవసరం, కాబట్టి దివ్యజ్ఞాన సమాజంవాళ్లు నమ్మే మహాత్ములు అతన్ని కాపాడతారని ఆయనకు చెప్పారు, ఆయనా నమ్మాడు. ఓడ సూయజ్ కాలువలో ఉండగా తంతి వచ్చింది. నవంబరు 13న నిత్య చనిపోయాడు. ఓడలో అదే గదిలో ఉన్న మిత్రుడు బి. శివరావు తరువాత ఆ రాత్రుల గురించి చెప్పాడు. కృష్ణమూర్తి నిద్రలో వెక్కివెక్కి ఏడ్చేవాడు, నిత్యా అని పిలిచేవాడు. కొన్నిసార్లు ఆ పిలుపులు తెలుగులో వచ్చేవట. మెలకువలో ఆయనకు రాని తెలుగు అది.

జగద్గురువు అనే పేరు కింద ముప్పై ఏళ్ల మదనపల్లె మనిషి ఒకడు ఉన్నాడు, అతను తమ్ముడి కోసం తల్లిభాషలో ఏడుస్తున్నాడు. తనకు చెప్పిన మాటలన్నీ ఆ దుఃఖం ముందు నిలబడలేదు. కొలంబో చేరేసరికి ఆయన తేరుకున్నాడని చూసినవాళ్లు అన్నారు. కానీ వెంటనే సంఘం వదిలిపెట్టి పోలేదు. నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఉపన్యాసాలిస్తూనే ఉన్నాడు, శిబిరాలకు వస్తూనే ఉన్నాడు. మాట మాత్రం మెల్లిమెల్లిగా మారుతూ వచ్చింది. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, మూడు వేలకు పైగా సభ్యుల ఎదుట, అనీబిసెంట్ ఎదుటే, ఆ సంఘాన్ని రద్దు చేశాడు. తనకు అనుచరులు వద్దన్నాడు. సంఘానికి వచ్చిన కోటను, భూములను దాతకు తిరిగి అప్పగించే ఏర్పాటు చేశాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు.

ఈ ఘట్టాన్ని ఉదాత్తంగా చెప్పుకోవడం మనకు అలవాటు. నిజంగానే ఉదాత్తం. అయినా నా అభిప్రాయం ఒకటి చెప్పుకుంటాను. పీఠం దిగినా ఆయన వేదిక దిగలేదు. 1986 ఫిబ్రవరి 17న తొంభై ఏళ్ల వయసులో ఓహాయ్‌లో కన్నుమూసే ముందు నెలలో కూడా మద్రాసులో మాట్లాడారు. గురువు వద్దని చెప్పే గురువుగా జనం ఆయన్ను చూశారు. ఒకసారి మనిషి మీద పడిన చూపును అతను ఒక్కడే తీసెయ్యలేడు, చూసేవాళ్లూ తీసెయ్యాలి. ఇంకొకటి. ఆయన వదులుకున్నది పెద్దదే కానీ, వదులుకున్న రోజున ఆయన పక్కన స్నేహితులున్నారు, తలదాచుకోవడానికి ఇళ్లున్నాయి, ఇంగ్లీషు ఉంది. అందరికీ అవి ఉండవు. వినుకొండ పిల్లవాడికి లేవు.

జాషువా తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మది మాదిగ కులం. రెండు వైపులా పరాయితనమే. బడిలో పక్కన కూర్చోనివ్వని పిల్లలు, ముట్టుకోకుండా చదువు చెప్పే పంతుళ్లు. అలాంటి చోట ఆ పిల్లవాడికి పద్యం మీద మోజు కలిగింది. దీపాల పిచ్చయ్యశాస్త్రి చిన్ననాటి స్నేహితుడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఆ రోజుల్లో ఆ కులం పిల్లవాడికి కాళిదాసును చెప్పిన ఆ శాస్త్రిగారిని మనం తలచుకోవాలి. ఒక్క మనిషి తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో ముందు ముందు చూస్తారు.

వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేసినవాళ్లున్నారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి పురాణాలు చదువుతున్నాడని సొంత మతపెద్దలు కుటుంబాన్ని వెలివేశారు. చదివితే వీళ్లకు తప్పు, చదివినందుకు వాళ్లకు తప్పు. ఎటు చూసినా అతను ఎవరో చెప్పడానికి ఇతరులే సిద్ధంగా ఉన్నారు.

బతుకు తెరువు కోసం పడ్డ పాట్లు చూడండి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగమూ పోయింది. 1915-16లో రాజమండ్రి వెళ్లి సినిమా హాల్లో వాచకుడుగా చేరారు. అవి మూగ సినిమాల రోజులు. చీకట్లో తెర పక్కన ఉండి, తెర మీద పెదవులు కదులుతుంటే ఆ పాత్రల మాటలు, కథ గట్టిగా చెబుతూ పోవాలి. తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు. 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితులు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకులు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో ఉద్యోగం. ఇదంతా ఒక లక్ష్యం పెట్టుకుని వరసగా మెట్లెక్కిన మనిషి జీవితంలా ఉందా? లేదు. దొరికిన పని చేసిన మనిషి జీవితంలా ఉంది. కానీ ఏ పని చేస్తున్నా పద్యం రాయడం ఆగలేదు.

1941లో గబ్బిలం వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై అయిదు దాటాయి. పద్యకావ్యాలకు మన దగ్గర కొరత లేదు, మేఘసందేశాన్ని అనుసరించి రాసిన సందేశకావ్యాలకూ కొరత లేదు. అలాంటప్పుడు ఈ ఒక్క కావ్యం ఎనభై ఏళ్లు దాటినా ఎందుకు నిలబడింది? కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు తంజావూరులో ఉండే ఒక అరుంధతీయుడు. గుడి తలుపు అతనికి మూసి ఉంది. ఆకలితో ఉన్న రాత్రి అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వచ్చింది. జనం అశుభమని తరిమే ప్రాణి అది. కానీ గుడిలోకి దానికి అడ్డు లేదు, శివుడి దగ్గరే వేలాడుతుంది. తన బాధను శివుడి చెవిన వెయ్యమని, అదీ పూజారి దగ్గర లేని సమయం చూసి చెప్పమని అతను దాన్ని వేడుకున్నాడు.

శాస్త్రిగారి దగ్గర నేర్చుకున్న కాళిదాసు ఇందులో ఉన్నాడు. వినుకొండలో తిన్న అవమానం ఇందులో ఉంది. ఒకటి లేకుండా రెండోది ఉంటే ఈ కావ్యం లేదు. కాళిదాసు ఒక్కడే ఉంటే ఇంకో అనుకరణ వచ్చేది. అవమానం ఒక్కటే ఉంటే ఒక మొర వచ్చేది. తన జీవితంలో ఏ ముక్కనూ దాచిపెట్టకుండా, ఏ ముక్కకూ సిగ్గుపడకుండా, రెంటినీ ఒక పద్యంలో కూర్చోబెట్టగలిగిన రోజున జాషువా పూర్తిగా జాషువా అయ్యారని నేననుకుంటాను. ఆత్మస్వీకారం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే.

ఇంకో సంగతి. ఆ గబ్బిలం శివుడి దగ్గరికి ఎగిరే దారి పొడవునా ఆ అరుంధతీయుడు తెలుగువాళ్ల పాత వైభవపు చోట్లెన్నో దానికి చూపిస్తాడు. ఏ దేశం అతన్ని గడప బయట నిలబెట్టిందో ఆ దేశాన్నే నాది, చూసి వెళ్లు అని చూపించాడు. వెళ్లగొట్టినవాళ్ల మీద కోపం తగ్గలేదు, నేల మీద హక్కూ వదులుకోలేదు. ఇది ఎంత కష్టమైన పనో ఆలోచించండి.

తనకు ఇద్దరు గురువులని జాషువా చెప్పుకునేవారు. ఒకరు పేదరికం, ఇంకొకరు కులమత భేదం. మొదటిది ఓర్పు నేర్పిందని, రెండోది ఎదిరించే శక్తిని ఇచ్చిందని, తనను బానిసను చెయ్యలేకపోయిందని ఆయన మాటల సారం. నా ఈ ఉపన్యాసం మొత్తానికి కీలకం ఇక్కడ ఉంది. మన ఇళ్లలో, మన సమాజంలో "ఉన్నదాన్ని ఒప్పుకో" అనే మాట ఎవరికి చెబుతాం? కోడలికి చెబుతాం, కూలివాడికి చెబుతాం, అడిగే స్థితిలో లేనివాడికి చెబుతాం. ఒప్పుకోమంటే సర్దుకుపొమ్మనే. జాషువా తనను తాను ఒప్పుకున్నారు. తనకు జరిగినదాన్ని ఒప్పుకోలేదు. ఈ రెండూ వేరు. నేను ఇలా పుట్టాను, ఇక్కడ పెరిగాను, నాకు ఇది వచ్చు, ఇది రాదు అని తేటగా చూడగలిగినవాడికే, నాకు జరిగింది అన్యాయం అని తేటగా చెప్పే బలం వస్తుంది. తన మీద తనకే అసహ్యం ఉన్నవాడు అన్యాయాన్ని కూడా తనకు తగిన శిక్షే అనుకుంటాడు. అణిచేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

దీనికి నిలువెత్తు ఉదాహరణ బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం. 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని జాతులవాళ్ల మీద పుట్టుకతోనే నేరస్తులనే ముద్ర వేసింది. పిల్లవాడు కళ్లు తెరవకముందే దొంగ. అలా ముద్ర పడ్డవాళ్ల ఊరు అది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు. దొంగ అని పిలిపించుకుని పిలిపించుకుని ఆ పేరునే తమ పేరనుకున్న మనుషులతో కూర్చుని, వాళ్లకు మరో పని, మరో బతుకు ఉందని చూపే పని అది. కూతురు ఎంచుకున్న పనిలో తండ్రి కావ్యం కొనసాగిందని నాకనిపిస్తుంది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగిన రోజు తెలుగు సాహిత్య చరిత్రలో గొప్ప రోజు. 1964లో ఆయన రాసిన క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు. ఆ సన్మానాలు అందుకున్న మనిషి అప్పటికే తానెవరో తెలిసినవాడు. అందుకే ఆయనకు వాటివల్ల ఆనందం కలిగింది, మత్తు కలగలేదు.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వస్తాను. ఈ సభలో ఇంటర్ చదివేవాళ్లు, డిగ్రీ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు తగిలించే పేర్లు వేరు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చే కాలేజీలున్నాయి. సోమవారం ఉదయం గోడ మీద లిస్టు చూసుకుని, సంచి తీసుకుని పక్క గదికి నడిచే పిల్లల్ని నేను చూశాను. వరండాలో నాలుగడుగులు వేసేలోపు, ఆ పిల్లవాడు తన దృష్టిలో వేరే మనిషైపోతున్నాడు. స్నేహితుల ముఖం చూడలేకపోతున్నాడు. ఇంటికి ఫోన్ చెయ్యలేకపోతున్నాడు. ఫలితాల రోజుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒక్క అంకెను తమ పూర్తి పేరుగా నమ్మిన పిల్లలు వాళ్లు. అలా నమ్మించింది మనం.

ఈ మధ్య ఫోన్లలో ఇంకొక సరుకు వచ్చింది. నాలుగు ప్రశ్నలకు జవాబులిస్తే మీరు ఫలానా రకం మనిషి అని చెప్పే పరీక్షలు. పిల్లలు సరదాగా చేస్తారు, తరువాత నిజంగానే నమ్ముతారు. "నేను అందరితో కలిసే రకం కాదండి, టెస్టులో వచ్చింది" అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. వాడు చెప్పేటప్పుడు చుట్టూ నలుగురు స్నేహితులు నవ్వుతూ నిలబడి ఉన్నారు! పాత పేరు తీసేసి కొత్త పేరు తగిలించుకోవడం తనను తెలుసుకోవడం కాదు.

మరి ఎలా తెలుసుకోవాలి? నేను గట్టిగా నమ్మే పద్ధతి మాస్టారు పిల్లలతో చేయించినదే. వ్యాసరచన పిరియడ్‌లో ఆయన ఒక్కోసారి విషయం ఇచ్చేవారు కాదు. నిన్న ఉదయం లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో ఒక పేజీ రాయమనేవారు. షరతు ఒకటే. మంచి, చెడ్డ, గొప్ప, తెలివి, మొద్దు లాంటి మాటలు అందులో ఉండకూడదు. చేసిన పని మాత్రం రాయాలి. వినడానికి ఇది తేలిక. రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది. మనం మన గురించి రాసేటప్పుడు తీర్పులు ముందు వస్తాయి, పనులు తరువాత కూడా రావు.

ఒక అమ్మాయి ఉండేది, లెక్కల్లో ఎప్పుడూ తప్పేది. నాకేమీ రాదని ఇంట్లోనూ బడిలోనూ ఖాయం చేసుకుంది. ఆ రోజు పేజీలో మామూలు పనుల మధ్య ఒక వాక్యం రాసింది. అమ్మతో బ్యాంకుకు వెళ్లాను, అక్కడ పింఛను డబ్బు కోసం వచ్చిన ముసలమ్మలకు విత్‌డ్రాయల్ ఫారాలు నింపిపెట్టాను, మధ్యాహ్నం అయిపోయింది, అమ్మ తిట్టింది. అంతే. మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి కాగితం తిరిగి ఇచ్చారు. మార్కు వెయ్యలేదు, మెచ్చుకోలేదు. "ఇది ఎవరు చేశారు?" అని పక్కన రాశారు. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ముక్కూ మొహం తెలియని ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్లు మళ్లీ మళ్లీ అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పి, ఆకలేస్తున్నా లేవని మనిషి తానే. ఆ సంగతి ఆమె గురించి ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆమె కూడా తనకు చెప్పుకోలేదు.

మనమెవరో మన పనుల్లో పడి ఉంటుంది, గడియారం భాగాల్లా నేల మీద పరిచి ఉంటుంది. వంగి ఏరుకోవాలి. అందులో నచ్చనివీ దొరుకుతాయి. ఆ పేజీల్లోనే తమ్ముణ్ణి కొట్టిన సంగతి దొరుకుతుంది, అబద్ధం చెప్పిన సంగతి దొరుకుతుంది. వాటినీ రాయాలి. తప్పు చేశానని రాసుకోగలిగినవాడు రేపు దిద్దుకోగలడు. నేను చెడ్డవాణ్ణి అని రాసుకుని పుస్తకం మూసేసినవాడికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

జీవిత లక్ష్యం గురించి ఒక్క మాట. పదిహేడేళ్ల పిల్లల్ని నీ లక్ష్యం ఏమిటని అడిగే సభలు మన దగ్గర ఎక్కువైపోయాయి. పిల్లలు జవాబు కంఠస్థం చేసుకుని చెబుతారు. పదిహేడేళ్లప్పుడు కృష్ణమూర్తిని అడిగితే ఇతరులు నేర్పిన జవాబే చెప్పి ఉండేవాడు. ఇరవై ఏళ్లప్పుడు జాషువా రాజమండ్రిలో సినిమా తెర పక్కన గొంతు చించుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ లక్ష్యాన్ని ముందుగా వెతికి పట్టుకుని బయల్దేరలేదు. ఒకరు తనది కానిదాన్ని ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చారు. ఒకరు తనదైనదాన్ని ఏదీ పారేయకుండా మోసుకుంటూ వచ్చారు. చెయ్యవలసిన పని ఒకరికి ముప్పై నాలుగో ఏట, ఒకరికి నలభై అయిదు దాటాక స్పష్టంగా ఎదురుగా నిలబడింది. కాబట్టి విద్యార్థులారా, మీకు ఇంకా తెలియకపోతే కంగారు పడకండి. అడిగినవాళ్లతో ఇంకా తెలియదండి అని చెప్పండి. అది నిజాయితీగల జవాబు.

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు. నెలకు ఒక పిరియడ్ మాస్టారి పద్ధతిలో పిల్లలతో నిన్నటి రోజును రాయించండి, ఆ కాగితాలకు మార్కులు వెయ్యకండి. గ్రంథాలయ నిర్వాహకులున్నారు. గబ్బిలం ప్రతులు అలమరలో కాకుండా పిల్లల చేతికి అందే బల్ల మీద ఉంచండి. తల్లిదండ్రులున్నారు. మీకు నాదొక్క మనవి. ఫలితాలు వచ్చే రోజున మీ పిల్లలు ఇంటికి వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండండి. ముందు అన్నం పెట్టండి. మార్కుల మాట మర్నాటికి వాయిదా వెయ్యండి. తప్పిన పిల్లల్ని ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి.